బాలికాపహరణాభియోగములు

“మా పిల్ల యింట లేదు, ఫలానావాడు తీసికొనిపోయినాడు.” ఒక తల్లి పోలీసు ఠాణాకు వచ్చి యీ రెండు మాటలు చెప్పుకొన్నచో చట్టము కదలవలసినదే. పిల్ల పదునెనిమిదేండ్లకు లోబడినదైనచో నది అపహరణ నేరముగా నమోదగును. అయితే యీ రెండు మాటల వెనుక రెండు వేర్వేరు కథ లుండవచ్చును. ఒక కథలో నఱువదేండ్ల ధనికుడొకడు దళారి చేతిలో డబ్బు పోసి పదునాఱేండ్ల బాలికను సముద్రము దాటించును. వేఱొక కథలో, ఇంటివారు కుదిర్చిన పెండ్లి కిష్టపడని పదునేడేండ్ల బాలిక పొరుగు వీధిలోని యిరువదేండ్ల యువకునితో రైలెక్కును. లోకము రెండవదానిని “లేచిపోవుట” యని దూషించును. మొదటిదానిని “పెండ్లి” యని పిలిచి యూరకుండును. ఈ రెండింటిని వేఱుచేసి చూడనేరని న్యాయము తఱచుగా ముదుసలిని వదలి పిల్లవానిని బంధించును. హైదరాబాదు పాతబస్తీ చరిత్ర యీ విషయమున మన కనేక పాఠములు నేర్పియున్నది. కావున నీ యభియోగములను నడపవలసిన తీరునుగూర్చి మా యభిప్రాయమును నిష్కర్షగా జెప్పవలసియున్నది.

1991వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన హైదరాబాదునుండి ఢిల్లీకి బోవుచున్న విమానములో నొక చిన్నపిల్ల యేడ్చుచుండుట పరిచారిక కంటబడినది. ఆ పిల్లకు పది పదునొకండేండ్లకు మించి యుండవు. ప్రక్కన గూర్చున్న యఱువదేండ్ల సౌదీ దేశీయుడు తన భర్త యనియు, తల్లిదండ్రులే తన్నిచ్చి పెండ్లి చేసిరనియు నా బాలిక చెప్పినది. ఆ పరిచారిక తన పని తాను చూచుకొని యూరకుండవచ్చును. ఆ విమానములోని యితర ప్రయాణికులు చేసినది యదియే. ఆమె మాత్ర మూరకుండక విమానము దిగునప్పటికి పోలీసువారికి వార్త చేర్చినది. ముదుసలి నిర్బంధింపబడెను. దేశమంతట గగ్గోలు పుట్టినది.

తరువాత జరిగినదే విచారింపదగినది. చర్చ యంతయు బాలికకు జరిగిన కీడునుండి క్రమముగా తొలగిపోయినది. పిల్ల వయస్సెంత, నిఖా చెల్లునా చెల్లదా, తండ్రి సమ్మతించెనా లేదా, పిల్ల నెవరి కప్పగించవలెను, ఒక మతము నాచారములలో ప్రభుత్వము చేయి పెట్టవచ్చునా యను ప్రశ్నలు పైకి వచ్చినవి. ఆటోరిక్షా నడిపి బ్రతుకు తండ్రి పేదఱిక మొక వాదమైనది. మతస్వాతంత్ర్య మింకొక వాదమైనది. బాలికయేమో తన యూరికి దూరమున, ప్రభుత్వ సంరక్షణాలయమున, న్యాయస్థానముల తీర్పునకై యెదురు చూచుచు గూర్చున్నది. అపహరించిన వానికంటె నపహరింపబడినదే ముందుగా బంధితురాలైనదని యన్నచో నతిశయోక్తి కాదు.

ఆ తరువాత నిరువదియాఱేండ్లకు, 2017వ సంవత్సరము ఆగస్టులో, పాతబస్తీకి జెందిన తల్లి యొకతె పోలీసుల కడకు వచ్చినది. పదునాఱేండ్ల తన కుమార్తెను దన యనుమతి లేకయే బంధువులు కొందఱు వృద్ధుడైన యొమాను దేశీయునికి నిఖా చేసి మస్కటునకు బంపివేసిరని యామె ఫిర్యాదు. ఆమె ధైర్యము వృథా కాలేదు. సెప్టెంబరు మాసమున నగర దక్షిణమండలపు పోలీసువారు గాలింపు జరిపి యిరువదిమందిని నిర్బంధించిరి. వారిలో నెనమండుగురు అరబ్బు దేశీయులు: అయిదుగురు ఒమానువారు, మువ్వురు కతారువారు. పెండ్లి జరిపించు ఖాజీలు మువ్వురుండిరి. దళారు లుండిరి, బస యిచ్చిన వారుండిరి. వచ్చిన షేకు ఒంటరిగా రాడనియు, అతని కొఱకు విమానాశ్రయమునుండి నిఖా గదివఱకు నొక వ్యాపారమే సిద్ధముగా నున్నదనియు నాడు లోకమునకు తేటతెల్లమైనది. నిఖానామాపై సంతకము పెట్టించిన చేతితోడనే విడాకుల పత్రముపై గూడ ముందుగా సంతకము పెట్టించు వాడుక యీ వ్యాపారమున గలదు. అట్టిదానికి వివాహమని పేరు పెట్టుట భాషకు గూడ నవమానమే.

ఇక చట్టము మాట. 1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతిలో నపహరణమనగా బాలబాలికలను శాసనసమ్మతుడైన సంరక్షకుని స్వాధీనమునుండి యతని సమ్మతి లేక తీసికొనిపోవుట, లేదా మరులుగొల్పి రప్పించుట. బాలికల విషయమున మొదట పదునాఱేండ్లుగా నున్న యీ పరిమితిని 1949లో పదునెనిమిదేండ్లకు పెంచిరి. 2024 జులై 1వ తేదీనుండి యమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 137వ సెక్షను బాలురకు బాలికలకు నొకే విధముగా పదునెనిమిదేండ్ల పరిమితిని విధించినది; ఏడేండ్లవఱకు కారాగారము, జుల్మానాయు శిక్ష. పరిమితి మాఱినది, సెక్షను సంఖ్య మాఱినది. కాని మూలభావము మాత్రము నూటయఱువది యేండ్లుగా నట్లే నిలిచియున్నది. పొలమునుండి పశువును తోలుకొనిపోయిన నేరమునకు వలెనే, ఇచ్చట గూడ “ఎవరి స్వాధీనమునుండి?” యనునదియే మొదటి ప్రశ్న. బాలికకు గలిగిన హాని యేమి యను ప్రశ్న యా సెక్షనులో కానరాదు.

దీని ఫలిత మెట్టిదో పాఠకులు గమనింపగోరుచున్నాము. తండ్రియే డబ్బు పుచ్చుకొని బాలిక నొప్పగించెనేని, సంరక్షకుని సమ్మతి యున్నది గనుక నపహరణము లేదని ముద్దాయి వకీలు వాదించును. బాలిక తానై యిల్లు విడిచి యొక యువకుని వెంట బోయెనేని, సంరక్షకుని సమ్మతి లేదు గనుక యువకుడు నేరస్థుడగును. అమ్ముడుపోయిన బాలికకు రక్షణ లేదు. అమ్ముడుపోవుట కిష్టపడక పాఱిపోయిన బాలికకు వెంటబడు పోలీసులున్నారు. ధర్మమును తలక్రిందులు చేసి నిలుపుట యన్న నింతకంటె వేఱు కలదా?

మన న్యాయస్థానము లీ చిక్కును గుర్తింపకపోలేదు. 1964లో మద్రాసు రాష్ట్రమునుండి వెళ్లిన వరదరాజన్ వ్యాజ్యెమున సుప్రీముకోర్టు చక్కని భేదమొకటి చూపినది. ఆ బాలిక కళాశాల విద్యార్థిని. పదునెనిమిదేండ్లు నిండుటకు కొలది వారములే కొఱత. తానే కబురు చేసి, తానే నడచివచ్చి, తానే పెండ్లి కోరినది. బాలికను “తీసికొనిపోవుట” వేఱు, తానై వచ్చుదానిని వెంట రానిచ్చుట వేఱు అని చెప్పి న్యాయాధిపతులు ముద్దాయిని విడిచిపుచ్చిరి. అయితే యీ తీర్పును ప్రతి ముద్దాయియు దనకు గొడుగుగా పట్టుకొనుటకు వీలులేదు. అటుపిమ్మట హర్యానానుండి వచ్చిన యొక వ్యాజ్యెమున, పదునాలుగేండ్ల బాలిక విషయమై, బలాత్కారము గాని మోసము గాని లేకపోయినను మాటలతో లోబఱచుకొని రప్పించుటయే చాలునని యా న్యాయస్థానమే తేల్చినది. వయస్సు, వివేకము, ముద్దాయి నడత యను మూడింటిని కలిపి తూచవలెనన్నదే యీ రెండు తీర్పుల సారము.

2012లో వచ్చిన లైంగికాపరాధములనుండి బాలలను రక్షించు చట్టము, జనులు పోక్సో యని పిలుచునది, ప్రశ్ననే మార్చివేసినది. ఎవరి స్వాధీనమునుండి యని గాక, బాలికకు చేసిన దేమి యని యది యడుగును. పదునెనిమిదేండ్లకు లోబడినవారి సమ్మతి చెల్లదు. తండ్రి సమ్మతి యసలే చెల్లదు. 2017 అక్టోబరులో సుప్రీముకోర్టు, భార్య యైనను పదునెనిమిదేండ్లు నిండనిచో భర్తకు మినహాయింపు లేదని తీర్పు చెప్పి, యా ద్వారమును గూడ మూసినది. పాతబస్తీ దళారులకు “నిఖా యైనది” యను మాట యింతకాలము కోటగోడగా నుండెను. ఆ గోడ చట్టము దృష్టిలో కూలినది. ఇది గొప్ప మేలు.

అయితే యీ మేలుతో పాటు నొక కీడు గూడ వచ్చినదని యొప్పుకొనకపోవుట నిజాయితీ కాదు. అఱువదేండ్ల షేకును పట్టుటకు వేసిన వలలోనే పందొమ్మిదేండ్ల పిల్లవాడును చిక్కుకొనుచున్నాడు. కుమార్తె తమ కులము కాని, మతము కాని వానిని కోరినదన్న కోపముతో తల్లిదండ్రులు పెట్టు వ్యాజ్యెములు న్యాయస్థానములకు కొత్త కావు. సమ్మతి వయస్సును తగ్గింపవలెనను వాదమును 22వ న్యాయసంఘము 2023లో నిరాకరించినది. కాని పదునాఱు పదునెనిమిది యేండ్ల నడిమి వారి విషయమున శిక్ష విధించునపుడు న్యాయాధిపతికి హద్దులతో గూడిన విచక్షణ యుండవలెనని సూచించినది. ఈ సూచన మాకు సమ్మతము. వయస్సు తగ్గించినచో లాభపడువాడు పిల్లవాడు కాదు, దళారి. ఠాణాలో పోలీసులకు విచక్షణ యిచ్చినచో నది డబ్బున్నవాని కమ్ముడుపోవును. న్యాయాధిపతికి, కారణములు వ్రాసి చూపు నిబంధనతో, ఇచ్చినచో న్యాయము నిలుచును.

ఈ సందర్భమున పశ్చిమ వంగ వ్యాజ్యె మొకటి మన కన్నులు తెఱపింపదగినది. పదునాలుగేండ్ల బాలిక యిరువదియైదేండ్ల వానితో నిల్లు విడిచినది. క్రింది న్యాయస్థానము శిక్షించినది; 2023లో కలకత్తా హైకోర్టు విడిచిపుచ్చుచు బాలికలకు నీతులు గఱపినది. 2024 ఆగస్టులో సుప్రీముకోర్టు ఆ నీతులను గర్హించి, అత్యాచార నేరమును మరల స్థాపించినది. 2025 మే నెలలో నదే న్యాయస్థానము నిపుణుల సంఘము నివేదిక చూచి, నేరము నేరమే యైనను ముద్దాయికి శిక్ష విధింపకుండ విడిచినది. ఏలయన, ఆ బాలిక నాటికి పెద్దదై, బిడ్డతల్లియై, అతనిని విడిపించుటకే తన సర్వస్వమును వెచ్చించుచుండెను. నేరముకంటె నా పిమ్మట న్యాయస్థానముల చుట్టు తిరుగుటయే యామె నెక్కువ బాధించినదని న్యాయాధిపతులు వ్రాసిరి. కుటుంబము, సమాజము, ప్రభుత్వము మూడును బాలికను విడనాడినపుడు ఆమెకు మిగిలిన దిక్కు ముద్దాయి యొక్కడే యైనాడు. దీనినిబట్టి ముద్దాయిలను విచారింపరాదని మే మనము. పదునాలుగేండ్ల పిల్లను లోబఱచుకొన్న యిరువదియైదేండ్లవాడు విచారణకు నిలువవలసినదే. కాని బాలికకు నీడ చూపని విచారణ సగము న్యాయమే యని యా తీర్పు చాటుచున్నది.

ఇచ్చట కొందఱు పాఠకులు, “ఇది పాతబస్తీ తురకల గొడవ, మన కేల?” యని తలంపవచ్చును. అట్టివారి నొక్కసారి మన యింటి చరిత్రను తిరుగవేయ గోరుచున్నాము. గురజాడ అప్పారావు పంతులుగారు 1897లో కన్యాశుల్కమును ప్రకటించుచు వ్రాసిన పీఠికలో నొక పట్టిక ప్రస్తావన యున్నది. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో బ్రాహ్మణ కుటుంబములందు జరిగిన శుల్కవివాహములు లెక్కకు వచ్చినవే 1034. వానిలో నైదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆర్వురు, ఏడాది పసికందులు మువ్వురు. నాటి యగ్రహారికునకును నేటి షేకునకును భాష వేఱు, మంత్రము వేఱు. బేరము మాత్ర మొకటే. 1891లో సమ్మతి వయస్సును పదినుండి పండ్రెండేండ్లకు పెంచిన చట్టమును తిలకు వంటి మహాదేశభక్తులు గూడ ప్రతిఘటించిరనుట జాతీయవాదులమైన మనము మఱవరాని చేదు నిజము. పరాయి ప్రభుత్వము మన యింటిలోనికి రారాదన్న యభిమానము ఆనాడు పిల్లల గోడును వినిపింపనీయలేదు. నేడు మతాభిమానమో, కులాభిమానమో యదే పని చేయుచున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము 20–24 ఏండ్ల స్త్రీలలో పదునెనిమిది నిండకమునుపే పెండ్లియైనవారు తెలంగాణమున నూటికి 23.5, ఆంధ్రప్రదేశమున 29.3. ఇది యొక్క బస్తీకి, ఒక్క మతమునకు జెందిన లెక్క కాదు.

అభియోగములు న్యాయముగా నడువవలెనన్నచో నేమి చేయవలెను? మొదటిది, వయస్సు నిర్ణయము. ఇట్టి వ్యాజ్యెములన్నియు నిలుచునదియు గూలునదియు నిచ్చటనే. పాఠశాల ధ్రువపత్రము, అది లేనిచో పురపాలక సంఘపు జనన పత్రము, రెండును లేనప్పుడే యెముకల పరీక్ష యని బాలన్యాయ చట్టము వరుస చెప్పుచున్నది. ఎముకల పరీక్ష రెండేండ్లటు నిటు తప్పవచ్చును. పదునాఱేండ్ల బాలికను పదునెనిమిదేండ్లదిగా జూపుటకు దళారి కంతకంటె నేమి కావలెను? బడికి పోని, పుట్టుక నమోదు కాని పిల్లయే యతనికి దగిన సరకు. కావున ఖాజీ గాని పురోహితుడు గాని వయస్సు పత్రము చూడక పెండ్లి జరిపినచో నతనిని సాక్షిగా గాక ముద్దాయిగా నిలుపవలెను.

రెండవది, ఒక్క ముద్దాయితో తృప్తిపడరాదు. షేకు వెంట దళారి, బస యిచ్చినవాడు, ప్రయాణపత్రములు సిద్ధపఱచినవాడు, డబ్బు పుచ్చుకొన్న బంధువు బోనెక్కవలెను. బాలికను క్రయవిక్రయము చేసినవారికి పదేండ్లకు తక్కువ గాకుండ యావజ్జీవమువఱకు శిక్ష విధించు సెక్షను న్యాయసంహితలో నున్నది. దానిని విడిచి యేడేండ్ల యపహరణ సెక్షనుతో సరిపుచ్చుట పులిని పిల్లి బోనులో బెట్టుటయే. విదేశీయునికి జామీను నిచ్చునప్పుడు ప్రయాణపత్రములు న్యాయస్థానము చేతిలో నుండవలెను. ముద్దాయి దేశము దాటిన పిమ్మట తీర్పెంత గొప్పదైనను గోడకు చెప్పిన కథయే.

మూడవది, కాలము. బాలిక సాక్ష్యమును ముప్పది దినములలో తీసికొనవలెననియు, సాధ్యమైనంతవఱకు నొక యేటిలో విచారణ ముగింపవలెననియు పోక్సో చట్టమే చెప్పుచున్నది. ఆలస్య మయినకొలది బంధువులు రాజీకి దిగుదురు; బాలికను బెదిరింతురు, లేదా మఱొకనికి పెండ్లి చేసి నోరు మూయింతురు. రహస్య విచారణ, బాలికకు ముద్దాయి ముఖము కనబడకుండ నేర్పాటు, పేరు బయటపెట్టకుండుట యను నిబంధనలను తు.చ. తప్పక పాటింపవలెను. ఈ చివరి నిబంధన పత్రికలవారమైన మాకును వర్తించును. 1991లో పత్రికలు ఆ బాలిక పేరును ముఖచిత్రమును దేశమంతట చాటినవి. చేసినది మేలే యని తలంచినను, జరిగినది కీడు. ఆ పాపములో పత్రికాలోకమునకు భాగము గలదు.

నాలుగవది, విచారణ ముగిసిన పిమ్మటి బ్రతుకు. అమ్మినవాని యింటికే యామెను మరల పంపుటయా? సంరక్షణాలయమను పేర నింకొక చెరలో నుంచుటయా? చదువు, వసతి, చేతిపని, కొంత నష్టపరిహారము, ఇవి చూపగల ప్రభుత్వమే ముద్దాయిని శిక్షింప నర్హమైనది. హైదరాబాదున 2016లో నేర్పడిన భరోసా కేంద్రము వంటివి యీ దిశ నొక మంచి యడుగు. అవి పేరునకు దగినట్లు పనిచేయవలెను.

చివరగా, చట్టము చేయలేని పని యొకటి ప్రజల చేతిలో నున్నది. మా పాఠకులలో భూవసతి గలవారు, ఇండ్లు బాడుగ కిచ్చువారు, వర్తకులు, వకీళ్లు పెక్కుమంది గలరు. తమ పాలికాపు కుమార్తె బడి మానినదేల యని యెందఱడిగిరి? తమ బాడుగ యింటిలో నూరుగాని ముసలివాడు చిన్నపిల్లతో వారము దినములు దిగినపుడు బాడుగ డబ్బు తప్ప నెందఱు విచారించిరి? తమ కుమార్తె తమ కిష్టము లేని వానిని కోరినపుడు, పోలీసులను బిలుచుటకు ముం దామె మాట వినుట కెందఱు గూర్చుండిరి? పిల్ల తలిదండ్రుల సొత్తనియు, పెండ్లితో మగని సొత్తగుననియు భావించునంతకాలము చట్టములెన్ని మార్చినను ఫలితము స్వల్పమే.

ముద్దాయిలను విచారింపుడు, వయస్సున, ధనమున, మోసమున బలవంతులైనవారిని జాలిలేక శిక్షింపుడు, సమవయస్కులైన యవివేకులను వివేకముతో తూచుడు. అన్నిటికంటె ముందు బాలికను ప్రశ్నింపుడు. ఎవరి కప్పగింతుమని గాదు, నీకేమి కావలె నని. విమానములో నాడొక పరిచారిక యడిగిన దింతమాత్రమే. ఆ ప్రశ్నను న్యాయస్థానములు, ఠాణాలు, గృహములు నడుగ నేర్చుకొనుట మన ప్రజాప్రభుత్వమునకు తప్పని ధర్మమని మేము భావించుచున్నాము.